సబ్బు ఎక్కడుందో చూపించండి

(అక్టోబరు 15, ప్రపంచ చేతుల శుభ్రత దినం నాడు ఒక జిల్లా పరిషత్ ఉన్నత పాఠశాల ఆవరణలో పొదుపు సంఘాల మహిళలు, అంగన్‌వాడీ టీచర్లు, పిల్లల తల్లిదండ్రుల ముందు ఒక రిటైర్డ్ హెల్త్ సూపర్‌వైజర్ చేసిన ప్రసంగం. మాట్లాడింది మాట్లాడినట్టే, అక్కడక్కడా చిన్న సర్దుబాట్లతో.)

నమస్కారం అండీ అందరికీ. మైకు వెనక్కి వినిపిస్తోందా? ఆ వేపచెట్టు కింద నిలబడ్డ అన్నయ్యలు కూడా ముందుకు రండి. ఇది ఆడవాళ్ల మీటింగు అనుకుని అక్కడే ఆగిపోయినట్టున్నారు. అన్నం మీరూ తింటారు కదా! (నవ్వులు)

హెడ్మాస్టరు గారు నా గురించి చాలా పెద్ద మాటలు చెప్పారు. అంత లేదండీ. ఏఎన్ఎమ్‌గా చేరాను, సూపర్‌వైజర్‌గా రిటైరయ్యాను. మధ్యలో 34 ఏళ్లు. సూదులు వేసింది తక్కువ, జనం ఇళ్లకి వెళ్లి ప్రశ్నలు అడిగింది ఎక్కువ. పిల్లాడికి ఎన్నిసార్లు విరేచనమైంది, తాగే నీళ్లు ఎక్కణ్ణుంచి తెచ్చుకుంటున్నారు, ఇలాంటివి. అందులో ఒక ప్రశ్న మాత్రం చాలా ఏళ్లు తప్పుగా అడిగాను. "అమ్మా, అన్నానికి ముందు చేతులు కడుక్కుంటారా?" అని. ఇన్నేళ్లలో ఒక్కళ్లు కూడా లేదనలేదు. ఎవరంటారు చెప్పండి? "మీరు అబద్ధాలు చెబుతారా" అని అడిగితే ఎవరైనా అవునంటారా? నేను రిజిస్టర్‌లో టిక్కు కొట్టుకుని వచ్చేసేదాన్ని. మళ్లీ వారం తిరక్కుండానే అదే ఇంటికి, అదే పిల్లాడి విరేచనాలకి ఓఆర్ఎస్ ప్యాకెట్లు పట్టుకెళ్లేదాన్ని.

తర్వాత ఎప్పుడో బుద్ధొచ్చి ప్రశ్న మార్చాను. "సబ్బు ఎక్కడుందో చూపించండమ్మా" అన్నాను. అంతే, సంగతంతా బయటపడింది. ఒకావిడ పెరట్లోకి పరిగెత్తి, స్నానాల గదిలో డబ్బాలో ఉన్న ఒంటి సబ్బు తెచ్చి చూపించింది. ఒకావిడ ప్రహరీ గోడ మీద వెతికింది. "నిన్ననే అయిపోయిందండీ" అన్నవాళ్లు బోలెడుమంది. ఒకావిడ "కాకి ఎత్తుకుపోయింది మేడమ్" అంది. (నవ్వులు) నవ్వకండి, అది నిజమే. సబ్బులో కొవ్వుంటుంది కదా, కాకికి అది తిండి. నా ముందే ఒక కాకి పంపు గట్టు మీది సబ్బు ముక్కని ముక్కున కరుచుకుని పోయింది. దానికేం చెయ్యాలో తర్వాత చెప్తాను.

నేను చెప్పదల్చుకున్నది అసలు ఆ ఒక్క సంగతే. చేతులు కడుక్కోవాలని తెలియనివాళ్లు ఈ ఊళ్లో ఎవరూ లేరు. మూడేళ్ల పిల్లని అడిగినా చెబుతుంది. కరోనా అప్పుడు ఫోన్ చేస్తే చాలు, అవతలివాళ్లు ఎత్తేలోగా ఆ దగ్గు, ఆ జాగ్రత్తలు వినీ వినీ చెవులు చిల్లులు పడ్డాయి. తెలియక కాదు. చెయ్యి చాచినంత దూరంలో సబ్బు లేక.

ఇంకొక చిత్రం చూడండి. మన ఇళ్లలో సబ్బుతో గట్టిగా చెయ్యి రుద్దుకునేది ఎప్పుడు? ఆదివారం కోడికూర తిన్నాక! (నవ్వులు) నూనె పోవాలి, వాసన పోవాలి. రెండుసార్లు రుద్ది వాసన చూసుకుని మరీ వస్తారు. మరి తినబోయే ముందు? పంపు కింద వేళ్లు ఇలా తడిపి ఇలా విదిలిస్తాం. కొంతమంది కంచం అంచున నాలుగు చుక్కలు పోసుకుని సరే అనిపిస్తారు. అంటే తిన్న తర్వాత సబ్బు, తినకముందు ఉత్త నీళ్లు. సరిగ్గా తిరగేసి చేస్తున్నాం. కూర అంటిన చెయ్యి మనకి మురికిగా కనిపిస్తుంది. బస్సు కమ్మీ పట్టుకున్న చెయ్యి కనిపించదు.

ఇది నా ఒక్కదాని మాట కాదు. 2018లో జాతీయ నమూనా సర్వే వాళ్లు దేశమంతా ఇల్లిల్లూ తిరిగి అడిగారు. భోజనానికి ముందు సబ్బుతో కడుక్కుంటామన్న ఇళ్లు నూటికి 35.8. ఉత్త నీళ్లతో కడుక్కుంటామన్నవి 60.4. అదే దొడ్డికి వెళ్లొచ్చాక సబ్బు వాడతామన్నవి 74.1. ఇవన్నీ జనం నోటితో చెప్పిన లెక్కలని గుర్తుంచుకోండి. "సబ్బు చూపించండి" అని అడిగి ఉంటే ఇంకెన్ని తగ్గేవో.

సరే, మాటలు చాలు. ఏడో తరగతి బాబొకడు నాకు సాయం చేస్తానన్నాడు. రా నాన్నా. చొక్కా చేతులు పైకి మడుచుకో. ఇదుగో ఈ గిన్నెలో కొబ్బరినూనె, పసుపు కలిపి తెచ్చాను. రెండు చేతులకీ రాసుకో. వేళ్ల సందుల్లో కూడా. ఆ, అలాగే. ఇప్పుడు ఈ బాబు చేతులు పెళ్లికొడుకు చేతుల్లా ఉన్నాయి. (నవ్వులు) ముందు ఉత్త నీళ్లతో కడుక్కో. అమ్మా, ఆ చెంబుతో పొయ్యండి. చూశారా, నీళ్లు అలా జారిపోతున్నాయి, పసుపు కదలడం లేదు. ఇప్పుడు సబ్బు తీసుకో. రోజూ ఇంట్లో ఎలా కడుక్కుంటావో అలాగే, నేను చూస్తున్నానని ఎక్కువ రుద్దకు. అయిపోయిందా? ఎంతసేపు పట్టిందండీ? నేను మనసులో లెక్కపెట్టాను, ఆరు. ఇలా తిరుగు, అందరికీ చూపించు.

అరచేయి బాగానే పోయింది. పసుపు మరక కొంచెం ఎలాగూ ఉంటుంది, దాని సంగతి వదిలేయండి. నూనె జిడ్డు ఎక్కడ మిగిలిందో చూడండి. బొటనవేలు చుట్టూ అలాగే ఉంది. గోళ్ల అంచుల్లో ఉంది. వేళ్ల చివర్లలో ఉంది. వేళ్ల సందుల్లో ఉంది. చేతి వెనకవైపు సబ్బే తగల్లేదు. పెద్దవాళ్లు కడిగినా దాదాపు ఇంతే, ఈ పిల్లాడి తప్పేం లేదు.

ఇప్పుడు ఒక్క క్షణం ఆలోచించండి. మనం అన్నం కలిపేది దేంతో? అరచేత్తోనా? వేళ్ల చివర్లతో. ముద్దని నోట్లోకి తోసేది బొటనవేలితో. కడగడంలో వదిలేసినవి సరిగ్గా అవే! చెంచాతో తినేవాళ్లకి ఎలా ఉన్నా, చేత్తో కలుపుకుని తినే మనకి ఈ ఐదు కొసలే ప్రాణం. చంటిపిల్లకి గోరుముద్దలు పెడతాం. పేరులోనే గోరు ఉంది.

బాబూ, మళ్లీ సబ్బు తీసుకో. ఈసారి నేను చెప్పినట్టు. అరచేయి అరచేత్తో రుద్దు. కుడి అరచేయి ఎడమచేతి మీద పెట్టి వెనకవైపు రుద్దు, తర్వాత రెండోది. వేళ్లలోకి వేళ్లు దూర్చు. బొటనవేలిని రెండో చేత్తో పట్టుకుని తాళం తిప్పినట్టు తిప్పు. ఇప్పుడు వేళ్ల చివర్లన్నీ దగ్గరికి తెచ్చి అరచేతిలో గిరగిరా రుద్దు, గోళ్లలోకి సబ్బు వెళ్లాలి. రెండో ఎక్కం వచ్చు కదా? నిదానంగా చెప్పు, అయ్యేదాకా రుద్దు. రెండొకట్ల రెండు... ఆ. రెండో ఎక్కం నిదానంగా చెబితే 20 సెకన్లు పడుతుంది. అంత చాలు. ఇప్పుడు పారే నీళ్ల కింద కడిగెయ్. పారే నీళ్లంటే పంపే అక్కర్లేదు, చెంబుతో పోసినా పారే నీళ్లే. గిన్నెలో నీళ్లు పెట్టి నలుగురు పిల్లలు అందులోనే చేతులు ముంచితే మాత్రం ఒకళ్ల మురికి ఇంకొకళ్లకి పంచినట్టు.

ఆగు ఆగు ఆగు! (నవ్వులు) చూశారా ఏం చేశాడో? అంత బాగా కడుక్కుని నిక్కరుకి తుడుచుకోబోయాడు. ఇది మగపిల్లల పని. మనమేం తక్కువ తినలేదు, మనకి చీర కొంగుంది. పొద్దున్నుంచీ ఆ కొంగుతోనే పిల్లాడి ముక్కు తుడిచాం, పొయ్యి మీంచి గిన్నె దించాం, చెమట తుడుచుకున్నాం. కడిగిన తడిచెయ్యి దానికే తుడిస్తే కడిగిందంతా మళ్లీ ఎక్కింది. తడిచేతికి సూక్ష్మక్రిములు పొడిచేతి కంటే తేలిగ్గా అంటుకుంటాయి. ఉతికిన తువ్వాలు ఒకటి విడిగా పెట్టుకోండి. లేకపోతే గాలికి ఆరనివ్వండి, నిమిషం పడుతుంది.

నీళ్లు చెయ్యలేనిది సబ్బు ఎలా చేసింది అంటారా? సబ్బు పెళ్లిళ్ల పేరయ్య లాంటిది. నీళ్లకీ జిడ్డుకీ పడదు కదా. సబ్బు అణువుకి రెండు కొసలుంటాయి, ఒక కొస నీటిని పట్టుకుంటుంది, రెండో కొస జిడ్డుని పట్టుకుంటుంది. ఇద్దర్నీ కలిపి ఇంట్లోంచి పంపించేస్తుంది. క్రిములు చేతి మీద ఆ జిడ్డులోనే అంటుకుని ఉంటాయి. కరోనా, ఫ్లూ లాంటి వైరస్‌లకైతే పైన కొవ్వు పొరే ఉంటుంది, సబ్బు దాన్ని చీల్చేస్తుంది. మిగతావి చావకపోయినా ఊడి కొట్టుకుపోతాయి. మనకి కావలసింది అదే. పళ్లెంలో నీళ్లు పోసి మిరియాల పొడి చల్లి, సబ్బు వేలు పెడితే పొడి పారిపోయే వీడియో మీ అందరి ఫోన్లకీ వచ్చే ఉంటుంది. పిల్లలకి సరదాగా బాగుంటుంది గానీ, క్రిములు అలా సబ్బుని చూసి పారిపోవండి. అది నీటి పైపొర బిగువు తగ్గడం, అంతే. రుద్దందే ఏదీ పోదు.

ఏ సబ్బు వాడాలి అని ప్రతి మీటింగులో ఎవరో ఒకరు అడుగుతారు. టీవీలో 99.9 శాతం అంటాడు, డాక్టరు కోటు వేసుకుని చూపిస్తాడు. పాకిస్తాన్‌లో కరాచీ నగరంలో, మన మురికివాడల్లాంటి బస్తీల్లో 2002, 2003లో ఒక పెద్ద పరిశోధన చేశారు. కొన్ని ఇళ్లకి మామూలు సబ్బు, కొన్ని ఇళ్లకి క్రిములని చంపుతుందని చెప్పే సబ్బు ఇచ్చి, ఎప్పుడు ఎలా కడుక్కోవాలో వారం వారం వెళ్లి చెప్పారు. కొన్ని ఇళ్లకి సబ్బు ఇవ్వలేదు, వేరే సాయం చేశారు. ఏడాది చూశారు. సబ్బు ఇచ్చిన ఇళ్లలో ఐదేళ్లలోపు పిల్లలకి నెమ్ము, అదే న్యుమోనియా, సగానికి సగం తగ్గింది. 15 ఏళ్లలోపు పిల్లల్లో విరేచనాలు 53 శాతం తగ్గాయి. చీము కురుపులు కూడా మూడో వంతు తగ్గాయి. ఇంక ఆ రెండు సబ్బులకీ తేడా? ఏమీ లేదు! మామూలు సబ్బు ఎంత పనిచేసిందో ఖరీదైనదీ అంతే. తర్వాత 2016లో అమెరికా ప్రభుత్వం ట్రైక్లోసాన్ లాంటి 19 రసాయనాలని ఇళ్లల్లో వాడే సబ్బుల్లోంచి తీసెయ్యమంది. మామూలు సబ్బు కంటే మెరుగని కంపెనీలు రుజువు చూపించలేకపోయాయి కాబట్టి. అందుకే చెప్తున్నాను, మీ ఇంట్లో పది రూపాయల సబ్బుంటే అదే మహారాజు.

చన్నీళ్లా వేణ్ణీళ్లా అన్నదానికీ ఇంతే. ఏవైనా ఒకటే.

నెమ్ము తగ్గిందన్నాను కదా, అది చాలామందికి ఆశ్చర్యంగా ఉంటుంది. విరేచనాలంటే చేతి నుంచి అని తెలుసు, దగ్గు జలుబు గాలిలోంచి వస్తాయి కదా అంటారు. గాలిలోంచీ వస్తాయి, చేతి నుంచీ వస్తాయి. ముక్కు చీదిన చేత్తోనే తలుపు గడియ తీస్తాం, ఇంకొకళ్లు అదే గడియ ముట్టుకుని కన్ను నలుపుకుంటారు. మనం రోజుకి ఎన్నిసార్లు ముఖం ముట్టుకుంటామో మనకే తెలియదు. నేను మాట్లాడటం మొదలుపెట్టాక ఈ ముందు వరసలో ఉన్నవాళ్లే ఎన్నిసార్లు ముట్టుకున్నారో చూస్తూనే ఉన్నాను. (నవ్వులు)

మనకి అంటువ్యాధి అనే మాట ఉంది. అంటు అంటే ముట్టుకోవడం. కంటికి కనపడనిది ఒకటి ముట్టుకుంటే ఎక్కుతుందని మనవాళ్లకి ఎప్పుడో తెలుసు. ఎంగిలి అనే మాట చాలా భాషల్లో దొరకదంటారు. ఎంగిలి చెయ్యి కూరగిన్నెలో పెడితే మా అమ్మమ్మ చెయ్యి విరగ్గొట్టేది. అంత తెలిసిన మనం ఏం చేశామో తెలుసా? ఆ అంటుని చేతిలో వెతక్కుండా మనుషుల్లో వెతికాం. ఫలానా కులం వాళ్లు వస్తే అంటు, వాళ్లు గ్లాసు ముట్టుకుంటే అంటు. కళ్లాపి పేడ కలిపిన చేత్తోనే వచ్చి టీ పెట్టుకుంటే మాత్రం ఏ అంటూ లేదు! సూక్ష్మక్రిమి కులం అడగదమ్మా, చేతికి సబ్బు తగిలిందా లేదా అనే చూస్తుంది. ఈ మాట కొంతమందికి కష్టంగా ఉంటుంది. ఉండనివ్వండి.

కళ్లాపి అన్నాను కాబట్టి ఆ వరసలోవి చెప్పేస్తాను. పేడ ముట్టుకున్నా, గేదె పాలు తీసినా, పచ్చి కోడిమాంసం, చేపలు కడిగినా, వెంటనే సబ్బు. చంటిపిల్లాడి దొడ్డి తీసినా సబ్బు. ఇక్కడ ఒక పొరపాటుంది. "పసిపిల్లాడిది కదండీ, దానికేం దోషం" అంటారు. పెద్దవాళ్ల దాంట్లో ఉన్న రోగాలన్నీ దాంట్లోనూ ఉంటాయి. పాలకుర్రాడికి డబ్బులిచ్చేటప్పుడు వేలు నాలుక మీద తడి చేసుకుని నోట్లు లెక్కపెడతాం చూడండి, ఆ అలవాటు మానండి. నోటు ఎన్ని చేతులు తిరిగొచ్చిందో, దాన్ని నాకినట్టే లెక్క. ఇక ఫోను. బాత్రూములోకి ఎవరు తీసుకెళ్తున్నారో నేను అడగను. (నవ్వులు)

పిల్లలకి నులిపురుగులు ఎందుకొస్తాయి? ఎవరైనా చెప్పండి. "బెల్లం ఎక్కువ తింటే." ఇంకా? "తీపి తింటే." అదే, అందరూ ఇదే చెబుతారు. తీపికీ పురుగులకీ సంబంధం లేదమ్మా. పురుగుల గుడ్లు మట్టిలోనో, ఇంకొకళ్ల చేతి నుంచో గోళ్లలోకి చేరి నోట్లోకి పోతాయి. సన్న నులిపురుగులైతే రాత్రిపూట వచ్చి కింద దురద పెడతాయి, పిల్ల నిద్రలో గోక్కుంటుంది, గుడ్లు గోళ్లలో చేరతాయి, పొద్దున్నే ఆ వేలే నోట్లో పెట్టుకుంటుంది. మళ్లీ మొదటికొచ్చింది. ఫిబ్రవరి 10న, ఆగస్టు 10న స్కూళ్లలో, అంగన్‌వాడీల్లో ఆల్బెండజోల్ మాత్ర నమిలిస్తారు కదా, అది వెయ్యాల్సిందే. కానీ గోళ్లు కత్తిరించకుండా, చేతులు కడగకుండా మాత్ర ఒక్కటే వేస్తే నెల తిరిగేసరికి పురుగులు మళ్లీ మీ ఇంట్లోనే.

పళ్లొచ్చేటప్పుడు విరేచనాలు కూడా అంతే. "పళ్ల విరేచనాలండీ, వాటంతటవే పోతాయి" అని ఊరుకుంటారు. పన్ను చిగుళ్లోంచి వస్తుంది, పొట్టలోంచి కాదు. ఆ వయసులో పిల్ల పాకుతుంది, దొరికిందల్లా నోట్లో పెట్టుకుంటుంది. మనం బయటి తిండి మొదలుపెట్టేదీ అప్పుడే. చిగుళ్లు దురదపెట్టి చేతులు నోట్లోనే ఉంచుకుంటుంది. పన్ను మీద నేరం మోపి అసలు దొంగని వదిలేస్తున్నాం.

ఇక వంట సంగతి. పెళ్లిళ్లలో, ప్రసాదాల్లో పులిహోర చేత్తో కలిపితేనే రుచి అంటారు. నేనూ అంటాను. కానీ ఒక కథ చెప్తాను. న్యూయార్క్ దగ్గర మేరీ మాలన్ అని ఒక వంటమనిషి ఉండేది. చాలా బాగా వండేదట. ఏ ఇంట్లో చేరినా కొన్నాళ్లకి ఆ ఇంట్లో టైఫాయిడ్ వచ్చేది. ఆవిడకి మాత్రం ఏమీ లేదు, దుక్కలా ఉండేది. 1906లో ఒక ఇంట్లో 11 మందిలో ఆరుగురు పడిపోయారు. జార్జ్ సోపర్ అని ఒక ఇంజినీరు ఇల్లిల్లూ వెనక్కి వెతుక్కుంటూ వెళ్లి, అన్ని ఇళ్లలోనూ వంటమనిషి ఈవిడేనని పట్టుకున్నాడు. జబ్బు పైకి కనపడకపోయినా టైఫాయిడ్ క్రిములు ఆవిడ ఒంట్లోనే ఉన్నాయి, చేతి నుంచి వంటలోకి పోయేవి. వేడివేడిగా వండినవాటితో పెద్ద ప్రమాదం లేదు, మంట మీద క్రిములు చస్తాయి. ఆవిడ చేత్తో చేసిన పీచ్ పళ్ల ఐస్‌క్రీమ్ తోటే వచ్చిందని ఆయన అనుమానం. చివరికి ఆవిణ్ణి ఒక దీవిలో ఉంచేశారు, రెండు విడతలుగా మొత్తం 26 ఏళ్లు. 1938లో అక్కడే పోయింది పాపం. తను ఏ తప్పూ చెయ్యలేదనే అనుకుంది ఆవిడ. చెయ్యి శుభ్రంగానే కనిపించేది కదా మరి.

అందుకని, పొయ్యి దిగాక చేత్తో కలిపేవి ఉన్నాయి చూశారూ, పులిహోర, పెరుగుపచ్చడి, చల్లారిన అన్నంలో పెరుగు కలపడం, నిమ్మకాయ పిండటం, వాటి దగ్గరే ఎక్కువ జాగ్రత్త కావాలి. తాగే నీళ్లు కూడా అంతే. ఎంత మంచి నీళ్ల క్యాన్ కొనుక్కున్నా, బిందెలో వేళ్లు మునిగేలా గ్లాసు ముంచితే ఆ డబ్బులు దండగ. కాడ ఉన్న గరిటె పెట్టుకోండి, పంపున్న డ్రమ్ము అయితే మరీ మంచిది.

ఇన్ని చెబుతున్నావు, మీ ఇంట్లో ఎలా ఉంటుందమ్మా అని మీకు అనిపించవచ్చు. శకునం చెప్పే బల్లి కుడితిలో పడ్డట్టు, నేనూ పడ్డాను. మా అమ్మాయి పురిటికి వచ్చి ఏడాది దాకా మా దగ్గరే ఉంది. మనవడికి పదకొండో నెల. నేను డ్యూటీ నుంచి వచ్చి, ఆటోవాడికి డబ్బులిచ్చి, లోపలికొస్తూనే "అమ్మమ్మ పెడుతుంది రా బంగారం" అని గిన్నె లాక్కున్నాను. ఒక్కసారి కాదు, రోజూ అంతే. ఒకరోజు పిల్లాడికి పట్టుకుంది విరేచనం. మూడు రోజులు కళ్లు లోపలికి పోయి, మెడ వాల్చేశాడు. ఆస్పత్రి బల్ల మీద కూర్చుని మా అమ్మాయి నన్ను ఏమందో తెలుసా? "అమ్మా, మన హాల్లో సబ్బు ఎక్కడుంది?" అంది. హాల్లో వాష్‌బేసిన్ ఉంది. అద్దం ఉంది. దువ్వెన ఉంది. సబ్బు లేదు. బాత్రూములో ఉంది, నాలుగడుగుల దూరంలో. ఆ నాలుగడుగులు నేను ఎప్పుడూ వెయ్యలేదు. నా చేతి వల్లే వచ్చిందని రుజువేం లేదు, ఎవరూ చెప్పలేరు కూడా. పిల్లాడికి తగ్గిపోయింది, ఇప్పుడు ఇంటర్ చదువుతున్నాడు. నాకు మాత్రం ఆ ప్రశ్న ఇప్పటికీ చెవిలో ఉంది.

అందుకే మీకు ఇల్లు మార్చమని చెప్పను, సబ్బుకి చోటు మార్చమంటాను. దొడ్డి దగ్గరొకటి, అన్నం తినే చోట నీళ్లు ఎక్కడుంటే అక్కడొకటి. వెల్లుల్లిపాయలు అమ్మే వలసంచి ఉంటుంది కదా, సబ్బుని అందులో వేసి పంపుకి కట్టెయ్యండి. కాకి ఎత్తుకుపోదు, పిల్లలు పోగొట్టరు, కింద పడి మట్టి అంటదు, నీళ్లలో నానిపోదు. సంచితో సహా రుద్దుకోవచ్చు. సబ్బు ఖర్చు అనుకుంటే ఇంకో మార్గం. లీటరున్నర సీసా నీళ్లలో 30 గ్రాముల బట్టల సబ్బుపొడి వేసి ఊపి, మూతకి చిన్న చిల్లు పెట్టండి. బంగ్లాదేశ్‌లో ఊళ్లకి ఊళ్లు ఇలా వాడి చూశారు. చెయ్యి మండేవాళ్లు, చర్మం పగిలేవాళ్లు మాత్రం ఇది వద్దు. పంపు లేనిచోట ఐదు లీటర్ల నూనె డబ్బాకి చిల్లు పెట్టి, కర్రకి వేలాడగట్టి, తాడుతో కాలికింద పుల్లకి కట్టండి. పుల్ల తొక్కితే డబ్బా వంగి నీళ్లొస్తాయి. చెయ్యి దేనికీ తగలక్కర్లేదు. పిల్లలకి అది ఆట. కడుక్కోమని చెప్పక్కర్లేదు, చాలు ఆపమని చెప్పాలి.

ప్రశ్నలుంటే అడగండి.

శానిటైజరా? సబ్బు దొరకనప్పుడు, బస్సులో, ఆస్పత్రిలో, మంచిదే. అందులో ఆల్కహాల్ 60 శాతమైనా ఉండాలి. మట్టి, జిడ్డు కనిపించే చేతికి అది పనిచెయ్యదు. పురుగుల గుడ్లనీ, వాంతులు విరేచనాలు తెచ్చే కొన్ని వైరస్‌లనీ అది ఏమీ చెయ్యలేదు. ఇంట్లో సబ్బే.

చేతులు కడుక్కుంటే ఇంక జబ్బులే రావా అని అడుగుతున్నారు అన్నయ్య. వస్తాయండీ. దోమ కుడితే డెంగీ వస్తుంది, దానికి సబ్బేం చేస్తుంది? పేగుల్లో చేరే కొంకిపురుగు ఒట్టికాళ్లలోంచి ఎక్కుతుంది, దానికి చెప్పులు. పిల్లలకి విరేచనాలు తెచ్చే రోటావైరస్ మరీ మొండిది, ఎంత శుభ్రంగా ఉన్న ఇంట్లోకైనా దూరుతుంది. దానికి చుక్కల మందుంది. మన హైదరాబాద్‌లోనే తయారైంది, 2016లో దేశంలో మొదట ఇవ్వడం మొదలుపెట్టిన నాలుగు రాష్ట్రాల్లో ఆంధ్రప్రదేశ్ ఒకటి. ఆరు, పది, పద్నాలుగు వారాలకి వేయించండి. అయినా విరేచనాలు పట్టుకుంటే ఓఆర్ఎస్ ప్యాకెట్టు మొత్తం లీటరు నీళ్లలో ఒకేసారి కలపండి. గ్లాసులో చిటికెడు చిటికెడు కలపొద్దు, పాళ్లు తప్పుతాయి. జింకు మాత్ర విరేచనాలు ఆగినా 14 రోజులు వెయ్యాలి. తల్లిపాలు ఆపొద్దు.

ఆ... పెద్దమ్మగారు ఏదో అంటున్నారు, మైకు ఇవ్వండి. "మా కాలంలో సబ్బెక్కడిదే, బూడిదతో తోముకున్నాం, మేం బతకలా?" (నవ్వులు, చప్పట్లు) బతికారు పెద్దమ్మా, నూరేళ్లు చల్లగా ఉండండి. బూడిదతో రుద్దడం ఉత్త నీళ్ల కంటే నయమే, మీరు రుద్దారు కాబట్టి. మట్టితో మాత్రం వద్దు. ఒక్కటి అడుగుతాను, ఏమీ అనుకోకండి. మీ అమ్మగారికి ఎంతమంది పిల్లలు? పదకొండు మంది. దక్కింది? ఐదుగురు. (కాసేపు నిశ్శబ్దం) మా అమ్మమ్మకి తొమ్మిది మంది, నలుగురు దక్కారు. మా పెదమామయ్య పేరు పెంటయ్య. ముందు ఇద్దరు పోయారని ఆయన్ని పుట్టగానే పెంటకుప్ప మీద పెట్టి తెచ్చుకున్నారు. ఎంగిలి విస్తరాకుల్లో పొర్లించి పుల్లయ్య అని పేరు పెట్టుకున్నవాళ్లున్నారు. ఈ ఊళ్లో ఎంతమంది పెంటమ్మలు, పుల్లమ్మలు ఉన్నారో మీకే తెలుసు. చావు అసహ్యించుకుని వదిలేస్తుందని ఆ తల్లుల ఆశ. వాళ్ల చేతిలో ఉన్నది అంతే అప్పుడు. ఇప్పుడు పిల్లలకి ఆ పేర్లు ఎవరూ పెట్టడం లేదు కదా పెద్దమ్మా. టీకాలొచ్చాయి, మందులొచ్చాయి, మంచినీళ్లొచ్చాయి, సబ్బొచ్చింది.

ఉప్మా వాసన వస్తోంది, ఇంక నా మాట ఎవరూ వినరు. పొద్దున నేను రాగానే ఆ పంపుల దగ్గరికి వెళ్లి చూశాను. ఆరు పంపులున్నాయి, నీళ్లొస్తున్నాయి, గట్టు కడిగి ముగ్గు కూడా వేశారు. మరి హెడ్మాస్టరు గారూ, సబ్బు ఎక్కడుందో చూపించండి. (పెద్దగా నవ్వులు) ఆఫీసు బీరువాలో ఉందట, తాళం అటెండరు దగ్గర ఉందట. సరే, బాబూ, నా సంచీలో ఆరు సబ్బులు, వలసంచులు ఉన్నాయి, తాడు కూడా ఉంది. నువ్వూ నీ స్నేహితులూ వెళ్లి పంపుకొకటి కట్టి రండి. ముందు నీ చెయ్యి చూపించు. బొటనవేలు దగ్గర ఇంకా పచ్చగానే ఉంది.